తాగి బండి నడుపుతూ పట్టుబడితే ఏం జరుగుతుంది?

(బోథ్‌లో సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి తీత మొదలైంది. ఇక రెండు మూడు నెలలు మన ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు రాత్రీపగలూ రోడ్డు మీదే ఉంటాయి. ఆదిలాబాద్ మార్కెట్‌లో పత్తి అమ్మి, చేతిలో నాలుగు పైసలు పడ్డాక, దోస్తులతో కూర్చొని తాగి బండెక్కడం మనలో చాలామందికి మామూలైంది. తాగుడు మీద నీతులు చెప్పడానికి మేము ఈ విషయం ఎత్తుకోలేదు. పోలీసులు ఆపినప్పుడు ఏం జరుగుతుందో తెలియక మనవాళ్లు నష్టపోతున్నారు. కొందరు భయపడి దళారుల చేతిలో డబ్బులు పోస్తున్నారు. ఇంకొందరు చిన్న కేసే కదా అని వదిలేసి వారెంటు దాకా తెచ్చుకుంటున్నారు.

మొదట పరీక్ష సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. తాగింది బీరా, గుడుంబానా, ఇప్పసారానా అని యంత్రం అడగదు. ట్రాక్టర్ కూడా మోటారు వాహనమే. అనుమానం వస్తే యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఊదమని అడగవచ్చు. ఊదనని మొండికేస్తే లాభం లేదు. వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు, ఆ నిరాకరణ కోర్టులో మనకే ఎదురుతిరుగుతుంది. అరెస్టు చేస్తే 2 గంటల లోపల డాక్టరుతో పరీక్ష చేయించాలి, లేకుంటే వదిలిపెట్టాలి. ఇది బెయిలు ఇవ్వదగిన నేరమే. కాబట్టి గొడవ పడవద్దు, పారిపోవద్దు. యంత్రంలో వచ్చిన అంకె చూసుకోండి, ఇంటికి ఫోను చేయించుకోండి.

రెండోది బండి. రైతుకు బండి పోతే కాళ్లు విరిగినట్టే. దీని మీద 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు స్పష్టమైన తీర్పు ఇచ్చింది. తాగాడన్న ఒక్క కారణంతో పోలీసులు బండిని స్వాధీనం చేసుకోకూడదు. వెంట తాగని మనిషి ఉండి, అతనికి లైసెన్సు ఉంటే బండి అతనికి అప్పగించాలి. ఎవరూ లేకపోతే దగ్గరి బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. ఎవరూ రాకపోతేనే బండిని ఠాణాలో భద్రపరచాలి. తర్వాత ఆర్‌సీ, లైసెన్సు, గుర్తింపు కార్డు చూపితే యజమానికి తిరిగి ఇవ్వాలి. ఈ కాగితాలు ఇంట్లో ఒక్కచోట పెట్టుకోండి. బండి విడిపిస్తామని వచ్చే దళారికి పైసా ఇవ్వవద్దు.

మూడోది కోర్టు. ఇది రోడ్డు మీద చలానా కట్టి తేల్చుకునే కేసు కాదు, మేజిస్ట్రేటు ముందుకు పోవాల్సిందే. రోడ్డు మీద ఎవరైనా డబ్బు తీసుకొని వదిలేస్తామంటే అది లంచమే. 2019 సవరణ తర్వాత మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ. శిక్ష పడితే కనీసం 6 నెలలు లైసెన్సు పోతుంది. ట్రాక్టర్ కిరాయి మీద బతికేవాడికి అంటే పత్తి సీజను మొత్తం పోయినట్టే. వాయిదాకు పోకపోతే వారెంటు వస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేయండి.

ట్రాక్టర్ యజమానులు ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. డ్రైవరు తాగి ఉన్నాడని తెలిసి కూడా "ఏం కాదు, లోడు తీసుకుపో" అని పంపితే, 188వ సెక్షన్ కింద పంపినవారికీ అదే శిక్ష. జీతగాడిని ముందుపెట్టి తప్పించుకునే దారి లేదు.

ఇక ప్రమాదం జరిగితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. ట్రాలీలో పత్తి మూటల మీద కూర్చొని వచ్చేది మన కూలీలే, మన ఆడబిడ్డలే. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు జైలు. తాగి నడిపారని తేలితే అంతకన్నా తీవ్రమైన సెక్షన్లూ పెట్టవచ్చు. బండి దెబ్బతిన్నదానికి బీమా కంపెనీ పైసా ఇవ్వనంటుంది. బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టు చెప్పవచ్చు. ఆ రోజు అమ్ముకోవాల్సింది పత్తి కాదు, భూమి.

ప్రభుత్వాన్నీ మేము అడగాల్సింది ఉంది. మద్యం టోకు వ్యాపారం మొత్తం ప్రభుత్వ కార్పొరేషన్ చేతిలోనే ఉంది. ఊరూరా బెల్టుషాపులు నడవనిచ్చి, రోడ్డు మీద మాత్రమే పట్టుకుంటే సరిపోదు. తనిఖీలు ఉండాలి, బెల్టుషాపులూ మూతపడాలి. ఇదే మా డిమాండ్.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి గ్రామ కమిటీ ఈ వారంలోనే కూర్చొని, తాగని డ్రైవర్లు ఎవరెవరో పేర్లు రాసి గోడ మీద పెట్టాలి. లోడు పోయే రోజు, దావత్ ఉన్న రోజు తాళంచెవి వాళ్ల చేతికే ఇవ్వాలి. వాళ్ల కూలి ట్రాక్టర్ కిరాయిలోనే కలపాలి. మీ ఊరి పేర్ల జాబితా, మీ ఊళ్లోని బెల్టుషాపుల లెక్క వచ్చే సమావేశానికి తీసుకురండి.