ప్రాచీన వాయుమండలమునకు శిలలే సాక్షులు



మనము పీల్చు గాలిలో నూటికి సుమారు 21 పాళ్లు ప్రాణవాయువు కలదు. ఈ పాలు అనాదిగా ఇట్లే యున్నదని తలచుట సహజము. కాని భూమి పుట్టి సుమారు 454 కోట్ల సంవత్సరములైనది. అందు ఇంచుమించు తొలి సగము కాలము గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆనాటి గాలిని సీసాలో పట్టి దాచినవారు లేరు గదా! మఱి ఈ మాట ఎట్లు చెప్పగలిగిరి? ఎంతవరకు నమ్మదగినది? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే నేటి ప్రసంగము.

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ప్రాంతములలో పునాది త్రవ్వినను, బోరుబావి వేసినను, మొదట మొరము, దాని క్రింద గట్టిరాయి తగులును. ఆ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి పుస్తకములు తిరుగవేయువారి కాళ్ల క్రిందనే అంత ప్రాచీనమగు గ్రంథ మున్నదన్నమాట. అయినను ఆ గ్రంథమున గాలిని గూర్చిన పుట లేదు. ఆ రాయి నేల లోతున కరగిన ద్రవము చల్లారి గట్టిపడినది; ఏర్పడునపుడు దానికి గాలి సోకలేదు. దాని మీది మొరమో, గాలియు నీరును సోకి చివికిన రాయి. రాతిలోని ఇనుము ప్రాణవాయువుతో కూడి త్రుప్పు పట్టుటచే దానికి ఎఱుపు వచ్చినది. వానలో విడిచిన నాగటికఱ్ఱు ఎఱ్ఱబారుటయు ఇట్టిదే. కావున నేల పైభాగమున గాలి, నీరు సోకి ఏర్పడిన శిలయే సాక్ష్యమునకు పనికివచ్చును.

అట్టి మొదటి సాక్షిని చూచుటకు పొరుగున నున్న కర్ణాటకమునకు పోవలెను. చిక్కమగళూరు ప్రాంతమున బాబాబుడన్ కొండల అడుగుపొరలలో పూర్వపు నదులు దొర్లించి పేర్చిన గులకరాళ్లు కలవు. వాని వయస్సు 270 కోట్ల యేండ్లకు పైమాట. ఆ గులకల నడుమ ఇనుమును గంధకమును కూడిన మాక్షికపు రేణువులు, యురేనియము ఖనిజపు రేణువులు కానవచ్చినవి. నేటి గాలి సోకిన యేటినీటిలో ఈ రెండును చిరకాలము నిలువవు. మొదటిది త్రుప్పుపట్టి చెడును, రెండవది కరగిపోవును. అవి చెడక ఇసుకతోబాటు దొర్లివచ్చినవనిన, ఆ నదులపై వీచిన గాలిలో ప్రాణవాయువు మిక్కిలి స్వల్పమని యెంచవలెను. దక్షిణాఫ్రికాయందలి విట్‌వాటర్స్‌రాండు బంగారు గనులలోను ఇట్టి రేణువులే దొరకినవి.

ఇక మన కడప జిల్లాకు రండు. వేంపల్లె ప్రాంతపు సున్నపురాతి పొరలను 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వర్ణించెను. వాని వయస్సు సుమారు 190 మొదలు 200 కోట్ల సంవత్సరములు. తుమ్మలపల్లె యురేనియపు గని ఈ పొరలలోనే యున్నది. ఇచ్చట యురేనియము ఏటిలో దొర్లివచ్చిన రేణువు కాదు. నీటిలో కరగివచ్చి సున్నపుబురదలో నిలిచినది. యురేనియము అట్లు కరగుటకు ప్రాణవాయువు కావలెను. లోహ మొక్కటియే, నడత వేరు. లోహము తన గుణమును మార్చుకొనదు గనుక మారినది గాలియే. ఆ సున్నపురాళ్లలో ఉల్లిపొరలవలె ఒకదానిపై నొకటి పేరిన అచ్చులు కూడ కలవు. అవి ఎండను ఆధారము చేసికొని బ్రతికిన సూక్ష్మజీవుల పాచి కట్టిన పొరలు. అట్టి జీవులు కోట్ల యేండ్లు విడిచిన వాయువే గాలిని మార్చినది.

అనంతపురము జిల్లాలోని ఓబుళాపురము, దానికి చేరువనున్న సండూరు కొండల ఇనుపరాతి చారలను కూడ సాక్ష్యమునకు పిలుతురు. ప్రాణవాయువు లేని సముద్రజలమున కరగియున్న ఇనుము ఆ చారలుగా దిగినది. అయితే ప్రాణవాయువుతో పనిలేకయే ఇనుమును త్రుప్పుగా మార్చు సూక్ష్మజీవులును కలవు. కావున సముద్రమును గూర్చి ఈ సాక్షి మాట చెల్లును గాని, గాలిలోని పాళ్లను గూర్చి చెల్లదు.

కొలతకు దగ్గరగా వచ్చు సాక్షి గంధకము. గంధకపు పరమాణువులలో 32, 33, 34, 36 అను నాలుగు బరువులవి కలవు. సాధారణముగా ఇవి బరువుల భేదమును బట్టి ఒక లెక్క ప్రకారము వేరుపడును. ప్రాణవాయువు లేనిచో ఓజోను తెర యుండదు. అప్పుడు సూర్యుని తీక్ష్ణకిరణములు అగ్నిపర్వతముల గంధకవాయువుపై నేరుగా పడి ఆ లెక్కను తప్పించును. ఈ తప్పిన లెక్క ప్రాచీన శిలలలో కలదని 2000 సంవత్సరమున ఫార్కర్ మొదలగువారు ప్రకటించిరి. సుమారు 240 మొదలు 230 కోట్ల యేండ్ల క్రిందట ఆ గుర్తు మాయమైనట్లు తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఆ గుర్తు శిలలో నిలువవలెనన్న ప్రాణవాయువు నేటి దానిలో లక్షవ వంతుకంటె తక్కువగా నుండవలెనని గణించిరి. చిక్కడపల్లి రాయి గట్టిపడినది ఆ మార్పునకు కొంచెము ముందే.

ఇంతవరకు విన్నవి గాలిలో ప్రాణవాయువు ఇంతకు మించలేదను సాక్ష్యములు. ఇంతకు తగ్గలేదను సాక్ష్యమును బొగ్గు చెప్పును. గాలిలో నూటికి సుమారు 15 పాళ్లయినను ప్రాణవాయువు లేనిదే అడవి అంటుకొని కాలదు. సింగరేణి బొగ్గు ఏర్పడిన కాలమునాటి, అనగా 25 కోట్ల యేండ్లకు పైబడిన బొగ్గుపొరలలో కాలిన కట్టె తునకలు కలవు. కావున నాటికి ప్రాణవాయువు ఆ మేరకు తప్పక యుండెను.

పొలిమేర తగవులో ఒక సాక్షి, హద్దు ఈ చింతచెట్టు దాటి ఇవతలికి రాదనును. వేఱొకడు ఆ గట్టు దాటి అవతలికి పోదనును. పెద్దలు ఆ రెంటి నడుమ హద్దును నిర్ణయింతురు. శిలలును ఇట్టి సాక్షులే. సాక్షులు దగ్గరగా నున్నచోట లెక్క గట్టిది. దూరముగా నున్నచోట లెక్కయు విశాలమే. వేంపల్లె సున్నపురాళ్ల తరువాత సుమారు నూఱు కోట్ల యేండ్ల కాలమునకు, ప్రాణవాయువు నేటి దానిలో వేయవ వంతని కొందఱు, పదవ వంతని కొందఱు వాదించుచున్నారు. అది శాస్త్రమునకు లోపము కాదు. తెలిసిన హద్దును దాటి పలుకకుండుటయే దాని నిజాయితి.

ఊరి చెంత గుట్టను పగులగొట్టునపుడు ఆ రాయి ఏ కాలమునకు సాక్షియో ఒకసారి విచారింపుడు. మన ముక్కున ఆడు ఊపిరి, కంటికి కానరాని జీవులు కోట్ల యేండ్లు కూడబెట్టి యిచ్చిన ఆస్తి. దాని దస్తావేజులు ఈ రాళ్లే.