గ్యాంగులో ఎవరి మాట చెల్లుతుంది?

ఇవాళ్టి మాట ఫోర్‌మన్లకు, చార్జ్‌హ్యాండ్లకు, రేపు ఆ పని చేయబోయేవాళ్లకు.

సైటులో కొత్త పద్ధతి వస్తే ఆఫీసు ఏం చేస్తుంది? నోటీసు అంటిస్తుంది, పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో చదివిస్తుంది, సంతకాలు పెట్టిస్తుంది. రెండు హుక్కుల హార్నెస్ సంగతే చూడండి. స్కాఫోల్డింగ్ మీద జరిగేటప్పుడు ఒక హుక్కు తగిలే ఉండాలి, రెండోది ముందుకు తగిలించాకే మొదటిది తీయాలి. ఇది అందరికీ తెలుసు. అయినా సేఫ్టీ ఆఫీసర్ అటు తిరగగానే రెండూ నడుముకే వేలాడుతుంటాయి. పైనుంచి జారితే ఊళ్లో ఇల్లంతా కూలిపోయినట్టే.

మా దగ్గర ఇది నోటీసుతో మారలేదు. షటరింగ్ గ్యాంగులో ఒకాయన ఉన్నాడు. పదవి లేదు, ఎక్కువ మాట్లాడడు. కానీ అందరూ ఆయన వైపే చూస్తారు.

అలాంటి మనిషిని ఎట్లా గుర్తుపట్టాలి? మీరే ఊహించుకోకండి. పదిమందిని విడివిడిగా అడగండి: బ్యాంకు మెసేజ్ అర్థం కాకపోతే ఎవరికి చూపిస్తావు? రూములో గొడవైతే ఎవరు సర్దుతారు? పని ఎవర్ని చూసి నేర్చుకున్నావు? మళ్లీ మళ్లీ వచ్చే పేరే మీకు కావాల్సింది. తెలుగువాళ్లలో ఒకరుంటే, నేపాలీల్లో ఇంకొకరు, బంగ్లావాళ్లలో ఇంకొకరు ఉంటారు. అందరినీ కలవాలి.

కలిశాక ముందు వినండి. ఆయన నాతో అన్నది ఇదే: "అన్నా, హుక్కు మార్చుకుంటూ పోతే పని తగ్గుతది. సాయంత్రం లెక్క తక్కువైతే తిట్టేది మీరే కదా." నిజమే. ఇంజనీరుతో మాట్లాడి రోజు లెక్క కొంచెం తగ్గించాం, బిగుసుకుపోయిన హుక్కులు మార్పించాం. ఆ తర్వాత ఆయన తగిలించాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ తగిలించారు.

రెండు జాగ్రత్తలు. ఆయనకు వేరే రంగు జాకెట్ తొడిగి ఆఫీసు మనిషిని చేయొద్దు. తప్పు చేసినవాళ్ల పేర్లు అడగొద్దు. ఆ రోజుతో ఆయన మాట చెల్లదు.

ఎండాకాలంలో ఇది ఇంకా అవసరం. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలి. కానీ పది గంటలకే తల తిరిగినవాడు ఓటీ పోతుందని చెప్పడు. ఆయన "కూర్చో తమ్మీ, నీళ్లు తాగు" అంటే మాత్రం కూర్చుంటాడు. అట్లా కూర్చున్నవాడి ఓటీ కోయకుండా చూసే బాధ్యత మనది.

రేపు పనిలోకి వెళ్లగానే ఆ మొదటి ప్రశ్న ఒక్కరిని అడిగి చూడండి. ఉంటాను.