బండి ఇచ్చాక మిగిలే పని



నడవలేని బిడ్డకు చక్రాల బండి ఇప్పించడం పెద్ద సదఖా. అయితే మా బడిలో జరిగిన ఒక సంగతి మీతో చెప్పాలి. మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లవాడొకడు బండితో సహా వెనక్కి ఒరిగిపోయాడు. పుస్తకాల సంచిని బండి హ్యాండిల్‌కు తగిలించింది మేమే. వాడు తేలిక, సంచి బరువు. తల నేలకు తగలకముందే ఆయమ్మ పట్టుకుంది.

అప్పటినుంచి తల్లులకు ఈ మాటలు చెబుతున్నాం. హ్యాండిల్‌కు ఏదీ తగిలించవద్దు. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు రెండు బ్రేకులూ వేయాలి. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి మీదుగా ఉండాలి. చున్నీతో కట్టవద్దు. బురఖా అంచు చక్రంలో పడకుండా చూసుకోవాలి. ర్యాంపు దిగేటప్పుడు మనం వెనకడుగులు వేస్తూ బండిని నెమ్మదిగా దింపాలి. మన పిఠాపురం వీధుల్లో కాలువ పలకలు దాటేటప్పుడు ముందు చక్రాలు కొంచెం ఎత్తాలి. ఆటోలో బిడ్డను సీటు మీద కూర్చోబెట్టి పట్టుకోవాలి, బండిని మడిచి పెట్టాలి.

బిడ్డ ఎదుగుతుంది, బండి ఎదగదు. ఏడాదికోసారైనా భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టుకు చూపించి కొలత సరిచేయించాలి. అర్హులకు కొత్త బండి కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద రావచ్చు. అది 1981 నుంచి ఉంది. తెగిన బెల్టుకు, అరిగిన బ్రేకుకు మాత్రం పేద తల్లి ఎవరినడగాలి?

అందుకే మీరిచ్చే దానిలో కొంత మరమ్మతులకు కేటాయించండి. బండి నడుస్తున్నంత కాలమే అది సదఖా జారియా.