నాలుగు పెన్నీల పడక
(వార్షిక సమావేశం సాయంకాలపు గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వయసులో ఏ గీతోపన్యాసమో చెప్పక హత్యల కథలేమిటని కార్యదర్శిగారు మొహమాటపడుతూనే అడిగారు. కొమ్మూరి సాంబశివరావుగారి నవలల్ని అద్దె పుస్తకాల షాపునుంచి తెచ్చుకుని, ఇంట్లో వాళ్ళు చీవాట్లు పెడుతున్నా తెల్లవార్లూ చదివిన తరం మనది. డిటెక్టివ్ యుగంధర్ కథలో ఆఖరికి హంతకుడు దొరుకుతాడు. నేను చెప్పబోయేవాడు ఇప్పటికీ దొరకలేదు.

1888 ఆగస్టు 31 నుంచి నవంబరు 9 లోపల లండన్‌లో వైట్‌చాపెల్, ఆ చుట్టుపక్కల పేటల్లో అయిదుగురు స్త్రీలు హత్య అయ్యారు. ఈ అయిదూ ఒకే మనిషి పని అని ఎక్కువమంది అభిప్రాయం. సెప్టెంబరు నెలాఖరులో ఒక వార్తాసంస్థకి ఎర్ర సిరాతో ఉత్తరం వచ్చింది. కింద సంతకం 'జాక్ ద రిప్పర్'. అది ఎవరో విలేఖరి రాసిన ఉత్తరమేనని ఆనాటి పోలీసు అధికారులే తరువాత అన్నారు. అంటే ఆ భయంకరమైన పేరు కూడా బహుశా కల్పితమే! కథలు అక్కడే మొదలయ్యాయన్నమాట.

వాటిలో నాకు నచ్చింది మేరీ బెలాక్ లౌండ్స్ అనే ఆమె రాసిన 'ది లాడ్జర్'. 1911లో చిన్న కథగా, 1913లో నవలగా వచ్చింది. బంటింగ్ దంపతులు పెద్ద ఇళ్ళలో నౌకరీ చేసి మానుకున్నవాళ్ళు. దాచుకున్న డబ్బు అయిపోయింది. గదులు అద్దెకిద్దామంటే వచ్చేవాళ్ళు లేరు. పస్తులుండే స్థితిలో ఒక రాత్రి పెద్దమనిషి ఒకడు తలుపు తట్టి, ముందుగానే బంగారు నాణేలిచ్చి మేడమీద గదుల్లో దిగుతాడు. అతను రాత్రిళ్ళు బయటికి పోతూ ఉంటాడు. ఊళ్ళో హత్యలు జరుగుతూ ఉంటాయి. ఇంటావిడకి సంగతి అర్థమవుతుంది, అయినా నోరు మెదపదు. మొగుడితో కూడా చెప్పదు. చెబితే అద్దె పోతుంది, పరువు పోతుంది. పైగా ఆ మనిషంటే ఏదో జాలి కూడా. నవలలో నెత్తురు కనిపించేది తక్కువ. మెట్లమీద అడుగుల చప్పుడు, దాన్ని వింటూ పక్కమీద మేలుకుని ఉన్న ఆడమనిషి - అంతే. ఒకటో తారీఖు కోసం ఎదురుచూసిన మనలాంటి వాళ్ళకి ఆవిడ మౌనం చప్పున అర్థమవుతుంది. నాకు ఒళ్ళు జలదరించింది అక్కడే.

1927లో హిచ్‌కాక్ దీన్ని మూకీ సినిమాగా తీశాడు. అందులో అద్దెకున్నవాడు హీరో కాబట్టి నిర్దోషి అయిపోయాడు. మన సినిమాలవాళ్ళే ఇలా చేస్తారనుకోకండి. 1943లో రాబర్ట్ బ్లాక్ ఒక కథలో రిప్పర్‌ని చావులేని మాంత్రికుడిని చేశాడు. ఆ తరువాత వచ్చినవాటికి లెక్కలేదు. పొగమంచు, టోపీ, చేతిసంచీ అన్నిట్లోనూ ఉంటాయి. చచ్చిపోయిన ఆడవాళ్ళు మాత్రం కేక పెట్టడానికే ఉంటారు. నాకు కష్టంగా తోచేది ఇదే.

విచారణలో సాక్షులు చెప్పిన మాటలు మిగిలాయి. మొదటి ఆమె మేరీ ఆన్ నికల్స్. సత్రంలో పడకకి నాలుగు పెన్నీలు లేక ఆ రాత్రి వీధిన పడింది. రెండో ఆమె ఆనీ చాప్‌మన్. భర్త బండి తోలేవాడు. విడిపోయినా వారానికి పది షిల్లింగులు పోస్టాఫీసు ద్వారా పంపేవాడు. 1886 డిసెంబరులో అతను కాలం చేశాడు. డబ్బు ఆగిపోయింది. ఆనాడు మనకున్నట్టు కుటుంబ పింఛను ఎక్కడిది! రెండేళ్ళు తిరక్కుండానే, ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న మనిషిని, పడక డబ్బులు లేవని ఆ రాత్రి సత్రంనుంచి పంపేశారు. ఈ సభలో విధవాపింఛనుతో బతుకుతున్న సోదరీమణులున్నారు. పది షిల్లింగులంటే ఏమిటో వారికి నేను చెప్పనక్కరలేదు.

కేథరిన్ ఎడోస్ అనే ఆమె దగ్గర దొరికిన వస్తువులకి పోలీసులు పట్టీ రాశారు. సబ్బుముక్కలు ఆరు, టీ ఆకు డబ్బా ఒకటి, పంచదార డబ్బా ఒకటి, దువ్వెన, సూదులు, కళ్ళజోడు ముక్క, ఎర్రటి చేతితొడుగు ఒకటి, ఆవపొడి డబ్బాలో తాకట్టు చీట్లు రెండు. ఉద్యోగమంతా జాబితాలు రాసినవాణ్ణి, ఇది రాసిన గుమాస్తాకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆ చీట్ల సంగతి పత్రికలో చదివే ఆమెతో కాపురమున్న మనిషి పోలీసుల దగ్గరికి వచ్చి ఆనవాలు పట్టాడు. లేకపోతే ఆమె ఎవరో తెలియడానికి ఇంకెన్నాళ్ళు పట్టేదో! ఆ ఎర్ర సిరా ఉత్తరం హంతకుడికి పేరు పెట్టింది. ఈ పట్టీ హతురాలికి పేరు తెచ్చింది.

2019లో హాలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి ఈ అయిదుగురి జీవితాలమీదే ఒక పుస్తకం రాసింది. హంతకుడి సంగతి దాదాపు ఎత్తలేదు. మనుమలెవరైనా ఈ కథలు చదువుతామంటే వద్దనకండి. ఆ పుస్తకం కూడా తెప్పించి పక్కన పెట్టండి.

'ది లాడ్జర్' నా ప్రతి సంఘం లైబ్రరీకి ఇస్తున్నాను. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకువెళ్ళండి. మేడమీద గది అద్దెకిచ్చినవాళ్ళు మాత్రం పగలే చదువుకోండి. సెలవు.