ఎఱ్ఱని బంగారము



నేడు నేను ప్రస్తావింపబోవు వస్తువు కంటికి కనబడనిది. అయినను అది గీసిన గీతను మీలో పెక్కుమంది చూచియే యుందురు. నిరుటి వానకాలమున మా వీధిలో ఒక పిల్లవానికి చలిజ్వరము వచ్చెను. ఆశా కార్యకర్త వచ్చి, వాని వ్రేలికొన పొడిచి, చిన్న రక్తపుబొట్టును ప్లాస్టికు చట్టములోని కాగితపు పట్టీకి తాకించి, ప్రక్కగుంటలో కొన్ని చుక్కల ద్రవము వేసెను. ఇరువది నిముషములలో ఎఱ్ఱని గీతలు రెండు పొడసూపెను. "మలేరియా ఉందండీ మాస్టారూ, ఇవాళే మందు మొదలెట్టాలి" అని ఆమె చెప్పెను. ఆ దినముననే మందు పడెను, పిల్లవాడు కోలుకొనెను. "ఈ ఎఱ్ఱగీత ఏ రంగుతో వచ్చిందమ్మా?" అని నేనడిగితిని. ఆమెకు తెలియదు. నాకును తెలియదు.

నా శిష్యులలో ఔషధశాస్త్రము చదివిన యొకడు పండుగకు ఊరికి వచ్చినపుడు ఈ మాట అతని నడిగితిని. "అది రంగు కాదు మాస్టారూ, బంగారం" అని అతడనెను. నేను నమ్మలేదు. బంగారము పచ్చగా నుండవలెను గదా! పిమ్మట అతడు తెచ్చియిచ్చిన పుస్తకములు చదివి, తెలియనిచోట్ల అతనినే అడిగి, గ్రహించినదానిని మీకు మనవి చేయుచున్నాను. ఈ వయస్సున ఇంత శ్రమ పడుటకు నా పొరపాటొకటి కారణము. దానిని చివర చెప్పెదను.

ముందుగా కొలత తెలిసికొందము. మీటరును నూఱుకోట్ల భాగములు చేసినచో ఒక్కొక్క భాగమునకు నానోమీటరని పేరు. 'నానో' యనునది గ్రీకుభాషలో మరుగుజ్జును తెలుపు మాటనుండి వచ్చినది. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. రక్తములోని ఎఱ్ఱకణము అడ్డుకొలత 7,000 మొదలు 8,000 వఱకు నుండును. కరోనా వ్యాధిని కలిగించిన వైరసు సుమారు 100 నానోమీటర్లు. సాధారణముగా ఒకటి మొదలు నూఱు నానోమీటర్ల వఱకు గల రేణువులను నానో రేణువులని వ్యవహరింతురు.

ఇంత చిన్నదైనపుడు పదార్థము తన గుణములను మార్చుకొనును. 1857లో లండను నగరమున మైకేల్ ఫారడే యను మహాశాస్త్రజ్ఞుడు బంగారపు లవణమును నీట కరగించి, దానిపై భాస్వరమును ప్రయోగించి, మాణిక్యమువంటి ఎఱ్ఱని ద్రవమును పొందెను. ఆ యెఱుపు బంగారపు అతిసూక్ష్మ రేణువులవలన కలిగినదని ఆయన నిర్ణయించెను. ఆయన చేసిన ద్రవములు కొన్ని అచటి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని భద్రముగా నున్నవి. ఎఱుపునకు కారణమేమనగా, బంగారములో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులు కలవు. రేణువు మిక్కిలి చిన్నదైనపుడు, వెలుతురు తగులగానే అవి యన్నియు ఒక్కుమ్మడి ఊగును. ఆ యూపునకు వెలుతురులోని ఆకుపచ్చని పాలు వ్యయమగును; మిగిలినది మన కంటికి ఎఱ్ఱగా తోచును. రేణువులు ఒకదానికొకటి అంటుకొని గుంపు కట్టినచో ద్రవము నీలముగా మాఱును.

1951లో టర్కెవిచ్ మొదలగువారు బంగారపు లవణమును మరుగునీట నుంచి, నిమ్మపులుసునకు సంబంధించిన సిట్రేటు అను లవణమును చేర్చి, ఇంచుమించు 20 నానోమీటర్ల రేణువులను చేయు పద్ధతిని వివరించిరి. 1973లో ఫ్రెన్స్ అను శాస్త్రజ్ఞుడు సిట్రేటు పాలును తగ్గించినచో రేణువు పెద్దదగుననియు, హెచ్చించినచో చిన్నదగుననియు చూపెను. నాటినుండి రేణువు కొలత దైవాధీనము కాక, చేయువాని అధీనమయ్యెను.

అయితే చిన్నదిగా చేసినంత మాత్రమున రేణువు వైద్యమునకు పనికిరాదు. అది కోరినచోట కోరిన పని చేయవలెను. అందులకై శాస్త్రజ్ఞులు నాలుగు సంగతులు చూతురు. మొదటిది కొలత. రెండవది పూత, అనగా రేణువు పైపొర. మూడవది గుఱుతు, అనగా అది దేనిని పట్టుకొనవలెనో నిర్ణయించు అంశము. నాలుగవది మోత, అనగా అది మోసికొని పోవు మందు.

మలేరియా పట్టీలో మోత లేదు. కొలత, పూత, గుఱుతు మాత్రము కలవు. మన శరీరము రోగక్రిములను పట్టుకొనుటకు చేయు ప్రోటీనులకు ప్రతిరక్షకములని పేరు. ఒక్కొక్క ప్రతిరక్షకము తనకు తగిన వస్తువునే పట్టును. మలేరియా క్రిమి రక్తములోనికి విడుచు ఒక ప్రోటీనును పట్టు ప్రతిరక్షకములను బంగారు రేణువులపై అతికింతురు. అవి రేణువునకు పూతయు గుఱుతును కూడ అగును. రక్తము ద్రవముతో కలిసి కాగితములో ప్రాకునపుడు రేణువులును ప్రాకును. దారిలో ఒకచోట అదే ప్రోటీనును పట్టు మఱికొన్ని ప్రతిరక్షకములను గీతగా అతికియుంతురు. రోగమున్నచో రేణువులు అచట చిక్కుకొని, పోగుపడి, ఎఱ్ఱగీతయై కనబడును. లేనిచో దాటిపోవును.

ఆవల నుండు రెండవగీత రోగమును తెలుపదు. పరీక్ష సరిగా నడచినదని మాత్రము తెలుపును. అది రానిచో ఆ పట్టీ చెల్లదు; మఱియొకటి చేయవలెను. ఇంకొక మాట. తీవ్రమైన మలేరియాను తెలుపు ఆ ప్రోటీను, రోగము నయమైన పిదపను కొన్ని వారములు రక్తములో నిలిచియుండవచ్చును. కావున మందు ముగిసిన వెంటనే గీత మరల కనబడినంత మాత్రమున మందు పనిచేయలేదని తలపరాదు. మఱియు, ఆ ప్రోటీనును పుట్టింపని క్రిములు కొన్ని పెరూ దేశమున కనబడినవని 2010లో ప్రకటింపబడినది. అట్టివాని యెడల గీత రాకపోవచ్చును. గీత లేకున్నను జ్వరము విడువనిచో వైద్యునికడకు పోవలసినదే.

ఇక చికిత్స సంగతి. క్యాన్సరునకు డాక్సోరూబిసిన్ అను మందు కలదు. అది రోగకణములను చంపునుగాని, మితిమీఱినచో గుండెను చెఱచును. దీనిని రోగస్థానమునకే ఎక్కువగా చేర్చుట యెట్లు? 1960ల దశకమున ఇంగ్లండులో బ్యాంగమ్ అనునాతడు, కణములలోని ఒకజాతి క్రొవ్వులను నీటిలో వేసినచో అవి తమంతట తామే బోలు సంచులుగా ముడుచుకొనునని కనుగొనెను. అట్టి సంచిలో ఈ మందు నింపి, పైన పాలిఎథిలీన్ గ్లైకాల్ అను పూత పూసిరి. ఆ పూత నీటిని పట్టియుంచుటచే రక్తములోని కాపలా కణములు సంచిని వెంటనే పట్టుకొనజాలవు. దినములతరబడి అది తిరుగును. 1995లో అమెరికాలో ఈ మందునకు అనుమతి లభించెను. గుండెకు కలుగు హాని తగ్గెను. కాని అరచేతులును అరికాళ్లును ఎఱ్ఱబాఱి, తోలు ఊడు బాధ కొందఱికి క్రొత్తగా కలిగెను. మేలు నిజము, దాని వెలయు నిజము.

శరీరము అన్యవస్తువును ఊరక విడువదు. సుమారు ఆఱు నానోమీటర్లకంటె చిన్న రేణువులను మూత్రపిండములు వడగట్టి బయటికి పంపును. అంతకంటె పెద్దవానిలో చాలభాగము కాలేయమును ప్లీహమును పట్టివేయును. రక్తములోని ప్రోటీనులు రేణువుచుట్టు పేరుకొని, కష్టపడి అతికిన గుఱుతును కప్పివేయుటయు కలదు. 2016లో టొరంటో విశ్వవిద్యాలయపు పరిశోధకులు, అంతకు ముందు పదియేండ్లలో వెలువడిన ప్రయోగములను సమీక్షించి, లోనికెక్కించిన రేణువులలో కణితిని చేరినవాని నడిమి విలువ నూటికి 0.7 పాళ్లని, అనగా వేయింటికి ఏడని తెలిపిరి. ఇది నిరాశ పడవలసిన మాట కాదు. ఎంత పని మిగిలియున్నదో తెలుపు మాట.

ఈ గుఱుతు విషయమున మన తెలుగువాని పేరొకటి తలంపునకు వచ్చుచున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడుపుచుండగా, 1945లో ఆ సంస్థవారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. కొన్ని క్యాన్సరు కణములు ఆ ఆమ్లమును పట్టుకొను కొక్కెములను సామాన్య కణములకంటె మిక్కుటముగా పెంచుకొనును. అండాశయపు క్యాన్సరులలో ఇది తఱచు కానవచ్చును. కావున పరిశోధకులు ఫోలిక్ ఆమ్లమును రేణువునకు గుఱుతుగా తగిలించి, ఆ కణములకడకు మందు పంపజూచుచున్నారు. సుబ్బారావుగారు 1948లోనే దివంగతులైరి. ఆయన శ్రమఫలము ఇట్లు క్రొత్తదారులలో నడచుచున్నది.

మోతను సరియైన తావున దింపుటయు ఒక విద్య. 2018లో అనుమతి పొందిన పటిసిరాన్ అను మందునందును, 2020లో వచ్చిన ఎం.ఆర్.ఎన్.ఏ. కరోనా టీకాలయందును క్రొవ్వు రేణువులే వాహనములు. ఆ క్రొవ్వులలో ఒకటి రక్తములో విద్యుదావేశము లేక నిమ్మళముగా నుండి, కణములోని పుల్లనితావు చేరగానే ధనావేశము పొంది, మోతను బయటికి దింపును. అయితే మన దేశమున విశేషముగా వేసిన కోవిషీల్డు, కోవాగ్జిన్ టీకాలు ఈ జాతివి కావు. కోవిషీల్డు మఱియొక వైరసును వాహనముగా చేసికొన్నది. కోవాగ్జిన్ చంపిన వైరసుతో చేసినది.

ఇప్పుడు నా పొరపాటు చెప్పెదను. నాకు బాల్యస్నేహితుడొకడుండెను. అతనికి కడుపులో గడ్డ యున్నదని వైద్యులు చెప్పి, పట్టణమునకు వచ్చి శస్త్రచికిత్స చేయించుకొమ్మనిరి. ఇంతలో నెవడో వచ్చి, 'నానో బంగారు చుక్కలు' అని యొక సీసా చూపి, కత్తి లేకుండ గడ్డ కరగునని చెప్పెను. మిత్రుడు ఆ సీసా తెచ్చి నా ముందు పెట్టి, "ఏరా, నువ్వు చదువుకున్నవాడివి. ఇది పనిచేస్తుందంటావా?" అని యడిగెను. "బంగారం గదరా, చెడు చెయ్యదు" అంటిని. తెలియదని చెప్పవలసినచోట తెలిసినట్లు చెప్పితిని. నా మాట పట్టుకొని అతడు మూడు నెలలు ఆ చుక్కలే త్రాగెను. పట్టణమునకు చేరునప్పటికి శస్త్రచికిత్సకు కాలము మించినది. ముందే పోయినచో బ్రతికియుండెడివాడో కాదో నేను చెప్పజాలను. ఆ మూడు నెలలు పోయినవి. అందు నా మాట కలదు.

గ్రామమున చదువుకొన్న పెద్దను నలుగురు అడిగెదరు. మీ గడపకును ఇట్టి సీసా వచ్చును. అపుడు మీరు ఆ నాలుగు సంగతులనే అడుగుడు. ఈ రేణువు కొలత యెంత, దానిని కొలిచినవారెవరు? దీని పూత యేది, శరీరములో నెంతకాలముండి ఎట్లు వెడలును? గడ్డను గుర్తించుటకు దీనికి గుఱుతేది? నోట త్రాగినది ప్రేగుల గోడను దాటి అచటికెట్లు పోవును? మోసికొని పోవు మందేది, ఎందఱు రోగులపై పరీక్షించిరి, అనుమతి యిచ్చినవారెవరు? ఉత్తరము లేనిచో సీసాను త్రిప్పి పంపుడు; రోగిని ఆ దినముననే ఆసుపత్రికి పంపుడు.

మన పూర్వవైద్యులు స్వర్ణభస్మము చేసిరి గదా యని కొందఱందురు. అందు నానో పరిమాణపు రేణువులు కలవని పరీక్షించినవారు వ్రాసిరి. సంస్కృత పాఠముతో పెరిగినవాడను. ఆ విద్యపై నాకును గౌరవము కలదు. కాని రేణువు చిన్నదగుట వేఱు, దానిచే ఫలానా రోగము నయమగునని రోగులయందు రుజువగుట వేఱు. వెండి ద్రవమును సర్వరోగ నివారిణి యని చిరకాలము త్రాగినవారికి తోలు బూడిదవన్నెకు, నీలమునకు మాఱి, ఆ మచ్చ పోక నిలిచిన సంగతులు వైద్యగ్రంథములలో కలవు. లోహము ఉత్తమమైనదగుటచే మందు కాజాలదు.

మా వీధి పిల్లవానిని కాపాడినదియు బంగారమే. నా మిత్రుని మోసగించినదియు బంగారము పేరే. మొదటిదానికి కొలత, గుఱుతు కలవు. అది తప్పినపుడు తెలుపుటకు రెండవగీత కలదు. రెండవదానికి పేరు తప్ప ఏమియు లేదు. ఈ భేదము మీకు తెలిసినచో, నన్ను మిత్రుడడిగినట్లు మిమ్ములను ఎవరేని అడిగిన దినమున, తెలిసినదానిని తెలిసినట్లును, తెలియనిదానిని తెలియదనియు చెప్పగలరు.