యాసిడ్‌కి అన్‌డూ ఉండదు: జాక్ కాలో ఎచింగ్ కథ

ఒక్కసారి మీ ఫోన్ అడ్డంగా తిప్పి పట్టుకోండి. దానికంటే కాస్త పెద్దది, సుమారు 8 సెంటీమీటర్ల ఎత్తు, 18 సెంటీమీటర్ల వెడల్పు. అంత బొమ్మలో ఏముందో చూడండి. ఒక పెద్ద చెట్టు, దానికి వేలాడుతున్న ఇరవైమందికి పైగా మనుషులు, నిచ్చెన మీద శిలువ పట్టుకున్న ఫాదర్, చెట్టు కింద డోలు మీద పాచికలు వేస్తున్న ఇద్దరు, వెనకాల ఈటెలతో సైన్యం.

గీసినాయన జాక్ కాలో. 1592లో లొరేన్‌లోని నాన్సీలో పుట్టాడు. యుద్ధం తెచ్చిపెట్టే ఘోరాల మీద 1633లో అచ్చయిన 18 బొమ్మల్లో ఇదొకటి. దోచుకుతిన్న సైనికులకి పడ్డ శిక్ష ఇది.

సరే, ఇదంతా రాగిరేకు మీదికి ఎలా ఎక్కింది? రేకుకి మైనం లాంటి పూత వేస్తారు. సూదితో గీస్తే గీసినచోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. యాసిడ్ ఆ గీతల్నే తింటుంది. ఆ గాళ్లలో ఇంకు నింపి, తడి కాగితం పెట్టి, ప్రెస్‌లో నొక్కుతారు. అదే ఎచింగ్.

వినడానికి ఈజీగానే ఉంది కదా? కాలేజీలో నేనూ అలాగే అనుకున్నా. నాలుగు రోజులు కూర్చుని జింక్ రేకు మీద మా వీధి గీశాను. పూత సరిగా వేయలేదు, నాకు తెలీలేదు. యాసిడ్‌లోంచి తీసేసరికి ఆకాశం నిండా మశూచి మచ్చలే! మొబైల్‌లో అయితే అన్‌డూ నొక్కేవాణ్ణి.

కాలోకి ముందువాళ్లదీ ఇదే బాధ. మెత్తటి పూత పెచ్చులూడేది, యాసిడ్ లోపలికి దూరేది. ఆయన ఏం చేశాడంటే, వీణలాంటి ల్యూట్ అనే వాయిద్యం తయారుచేసేవాళ్లు వాడే గట్టి వార్నిష్ తెచ్చి రేకుకి పట్టించాడు. ఎవరి పనిలో సామానో ఎవరి పనికి వచ్చింది చూడండి!

పూత గట్టిదైతే యాసిడ్ రెండుమూడు సార్లు పెట్టొచ్చు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మొదటిసారి కాసేపే పెట్టి, కడిగేసి, దూరంగా కనిపించాల్సిన గీతల్ని యాసిడ్ తగలకుండా కప్పేస్తారు. తర్వాత మళ్లీ యాసిడ్. దగ్గరివి ఇంకా లోతుగా తెగుతాయి. అందుకే వెనకున్న సైన్యం పొగమంచులా పలచగా, ముందున్న మనుషులు నల్లగా కనిపిస్తారు. అంటే దూరాన్ని ఆయన సూదితో కాదు, టైముతో గీశాడన్నమాట.

సూది కూడా మామూలుది కాదు. ఎషోప్ అంటారు, మొన ఏటవాలుగా కోసి ఉంటుంది. వేళ్ల మధ్య తిప్పితే గీత సన్నగా మొదలై లావై మళ్లీ సన్నబడుతుంది. ఈ పద్ధతులన్నీ అబ్రహాం బోస్ 1645లో పుస్తకంగా రాశాడు, యాసిడ్ ఎలా పొయ్యాలో బొమ్మలతో సహా.

అయితే కాలో బొమ్మల్ని ఇష్టంగా చూసిన రెంబ్రాంట్ మాత్రం మెత్తటి పూతనే పట్టుకున్నాడు. ఎందుకో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఈలోపు ఆ చెట్టు బొమ్మని జూమ్ చేసి, పాచికలాడేవాళ్లు ఏ మూలనున్నారో కామెంట్‌లో పెట్టండి.