మూడు దేశముల బాట



నేడు మేము ప్రస్తావింపదలచినది మణిపురమునందలి మోరే పట్టణమున బయలుదేరి, బర్మాలోని తమూ, కలేవా, మాండలేల మీదుగా థాయిలాండునందలి మేసోట్ చేరవలసిన త్రిదేశ రహదారిని గూర్చి. దీని నిడివి సుమారు 1,360 కిలోమీటరులు. 2002లో మూడు ప్రభుత్వములును దీనిని సంకల్పించినవి. రెండు దశాబ్దములు గడచినను బాట ముగియలేదు.

అంతదూరపు బాటతో ఆంధ్రులకేమి పని యని కొందరడుగవచ్చును. 1942లో జపాను సేనలు బర్మాపై బడినప్పుడు లక్షలాది భారతీయులు స్వదేశమునకు తరలిరి. వారు కాలినడకను వచ్చిన దారులలో తమూ దారి యొకటి. రంగూను రేవున మూటలు మోసిన తెలుగు కూలీలును ఆ ప్రవాహములోనివారే. ఆకలికి, కలరాకు, అడవిజ్వరములకు బలియైనవారెందరో! ఆనాడు మంచి బాట యొకటి యున్నచో ఎన్ని ప్రాణములు దక్కెడివో!

1995లో మోరే ద్వారము వర్తకమునకు తెరువబడెను. 2001లో భారతదేశము తమూనుండి కలేవా, కలేమ్యోలవరకు 160 కిలోమీటరుల బాట వేసి యిచ్చెను. కాని యా మార్గమున మార్చవలసిన 69 వంతెనల పని వెనుకబడెను. 2021లో బర్మాయందు సైనికులు రాజ్యమును హరించిరి; అంతర్యుద్ధము చెలరేగెను. 2023లో మణిపురమే రగిలెను. 2024 ఫిబ్రవరిలో, సరిహద్దుకు ఇరువైపుల 16 కిలోమీటరుల లోపలివారు వీసా లేక రాకపోకలు సాగించు వాడుకను రద్దు చేయుదుమని కేంద్రప్రభుత్వము ప్రకటించెను. ఆ వత్సరాంతమున దూరమును 10 కిలోమీటరులకు కుదించి, అనుమతిపత్రముల పద్ధతి నేర్పరచెను.

ఆయుధములును, మత్తుపదార్థములును దొంగత్రోవల వచ్చుచున్నమాట నిజమే. కాపలా రాజ్యధర్మము, దానిని మేము కాదనము. అయినను న్యాయస్థానములలో దినదినము మెలగువారము గనుక ఒక్కమాట చెప్పుదుము. ద్వారము మూసినంతమాత్రమున దొంగ నిలువడు. వానికి అడవిదారి యెరుకయే. నిలిచిపోవువాడు బట్టల మూట, పప్పుల బస్తా చేతబట్టుకొని సుంకము చెల్లింపవచ్చిన చిన్నవర్తకుడు. న్యాయమైన దారి మూయబడిననాడు, పొట్టకూటికై వాడును దొంగదారి పట్టవలసివచ్చును. చట్టమునకు లోబడువానిని చట్టమే తరిమివేయుట వివేకమా?

కావున ద్వారమున తనిఖీ యెంత కఠినముగానైన జరుగుగాక, ద్వారము మాత్రము తెరచియుండవలెను. అనుమతిపత్రము గ్రామవాసికి వలెనే చిన్నవర్తకునికిని సులభముగా దొరకవలెను. వంతెనల పనియు, శాంతి యత్నమును కలిసి సాగవలెను. శాంతి లేనిచోట కంకర నిలువదు.

సోదరులారా! ఈ రహదారిని గూర్చి ప్రభుత్వమువారు ప్రకటన చేసినప్పుడెల్ల, ఎన్ని కిలోమీటరులు వేసితిరని మాత్రమే యడుగకుడు. దానిపై సామాన్యుడు నిర్భయముగా నడువగలడా యని యడుగుడు. 1942లో నడచి నడచి నేలకొరగినవారి పక్షమున అడుగవలసిన ప్రశ్న యిదియే.